జాతర జాయింట్ వీల్‌కు కొలతకర్ర ఏది?

ఎండకాలం సెలవులు వస్తున్నయంటే మన ఊర్ల పిలగాండ్ల ఫోన్లల్ల ఒకటే రీల్ తిరుగుతది. కొండంత ఎత్తుల ఎర్ర పట్టాలు, దాని మీద కేకలు పెట్టుకుంట తలకిందులైతున్న జనం, కింద నీలం నీళ్లల్ల అలలు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాల కాడున్న వండర్‌లా అది. ఆ రీల్ చూసిన మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి సదువుతుండు, అడిగిండు: "మామా, ఆడికి పోవాల్నంటే ఎంతైతది?" నేను ఎంతో చెప్పిన. ఆడు జరసేపు ఊకున్నడు. ఊకుని, "అయితే జాతరకే పోదాంతీ" అన్నడు.

ఆ ఒక్క మాటల శానా ముచ్చటుంది. సిటీ పక్కన వెయ్యి దాటిన టికెట్‌తోని ఒక పార్కు. ఊర్ల ముప్పైకో యాభైకో ఎక్కిచ్చుకునే జాయింట్ వీల్. నడుమ మన పిలగాడు. ఈ రెంటికి తేడా పైసలే అనుకుంటం. పైసలు ఒక్కటే కాదు. పానానికి పట్టే లెక్క గూడ ఆడొక తీరు, ఈడొక తీరు. ఆ తేడా ఎట్లొచ్చింది, దాన్ని ఎట్ల తగ్గియ్యాలె అన్నదే ఇయ్యాల మాట్లాడుకోవాల్సిన సంగతి.

స్టెబిలైజర్ అమ్మినాయనే పార్కు పెట్టిండు

ముందుగాల ఈ వండర్‌లా ఏడికెళ్లి వచ్చిందో చూద్దాం. కేరళల కొచ్చౌసెఫ్ చిట్టిలపిళ్లి అనేటాయన 1977ల తండ్రి కాడ లక్ష రూపాయలు తీసుకుని, ఇద్దరు పనోళ్లను పెట్టుకుని ఓల్టేజీ స్టెబిలైజర్లు చేసుడు మొదలువెట్టిండు. అదే వీగార్డ్ కంపెనీ. కరెంటు ఎక్కువ తక్కువ వచ్చి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయే కాలంల ఆ డబ్బాకు మస్తు గిరాకీ ఉండె. మన ఇండ్లల్ల గూడ గోడకు ఆ డబ్బా ఉన్నోళ్లు ఉంటరు.

ఆ పైసలతోని 2000 సంవత్సరంల కొచ్చి పక్కన పల్లిక్కరల వీగాలాండ్ అని పార్కు తెరిచిండు. తర్వాత 2005ల బెంగళూరు–మైసూరు రోడ్డు మీద బిడది కాడ రెండో పార్కు పెట్టిన్రు. దానికి వండర్‌లా అని పేరు. కొన్నేండ్లకు కొచ్చి పార్కు గూడ అదే పేరులకు మారింది. 2014ల కంపెనీ షేర్ మార్కెట్‌కు వచ్చింది. 2016 ఏప్రిల్‌ల మన రావిర్యాలల మూడో పార్కు. దాదాపు 50 ఎకరాలు, 250 కోట్ల దాంక ఖర్చు. ఆ తర్వాత 2024ల భువనేశ్వర్, 2025 డిసెంబర్‌ల చెన్నై.

చెన్నై ముచ్చట ఒకటి యాదికుంచుకోవాలె. ఆడ పార్కు కట్టుడు ఏండ్ల తరబడి ఆగింది. కారణం భూమి కాదు, వినోదం మీద స్థానిక పన్ను. ఆ పన్ను నుంచి తమిళనాడు సర్కార్ మినహాయింపు ఇచ్చినంకనే పని ముందటికి నడిచింది. అంటే పెద్ద పార్కు రావాల్నంటే సర్కార్ తన రూల్స్‌ను గూడ జర సదురుకుంటది. పెద్దోళ్ల సంబురానికి సదురుకున్న సర్కార్, ఊరోళ్ల సంబురం కొరకు ఏం సదురుతున్నది? ఈ ప్రశ్నను పక్కకు పెట్టుకుని ముందటికి పోదాం.

రావిర్యాలల ఏమున్నది

రావిర్యాల రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంల ఉంటది. ఔటర్ మీద 13వ ఎగ్జిట్ కాడ దిగాలె. పక్కనే ఫ్యాబ్ సిటీ. ఔటర్ పడకముందు ఇదంత చెల్కలు, గుట్టలు. 158 కిలోమీటర్ల రోడ్డు నగరం చుట్టు తిరిగినంక కంపెనీలొచ్చినయ్, వెంచర్లొచ్చినయ్, పార్కు గూడ వచ్చింది.

లోపట రెండు రకాల ఆటలు. పొడి ఆటలు, నీళ్ల ఆటలు. పొడి ఆటలల్ల అందరి నోట్ల నానేది రికాయిల్. ఇది ముందటికి పోయి, మల్ల ఎనుకకు అదే తొవ్వల తలకిందులైకుంట వచ్చే రోలర్ కోస్టర్. అంతరిక్షంల తిరిగొచ్చినట్టు అనిపించే మిషన్ ఇంటర్‌స్టెల్లార్ అనే థియేటర్ ఇంకోటి. నీళ్ల దిక్కు అలల కొలను, మెల్లగ కొట్టుకుపోయే లేజీ రివర్, పైనుంచి వాన కొడ్తుంటే పాటలకు ఎగిరే రెయిన్ డాన్స్. చిన్న పిలగాండ్లకు, ఇంటిల్లిపాదికి వేరె వేరె ఆటలు.

ఇవి ఎట్ల పని చేస్తయో తెలుసుకుంటే భయం సగం తగ్గుతది. ఇంత స్పీడుల ఉరికే రికాయిల్ బండిల ఇంజన్ ఉండదు. ముందు బండిని గుంజి ఎత్తు మీదికి తీస్కపోతరు. ఆడ ఇడిసిపెడ్తరు. ఇగ కింది దాంక భూమి ఆకర్షణే నడిపిస్తది. బాయిల బొక్కెన ఇడిస్తే సర్రున పోయినట్టు. ఆ ఊపుతోనే చక్కర్లు కొట్టి అవతలి ఎత్తు మీదికెక్కుతది. అక్కడ మల్ల పైకి గుంజి ఇడిస్తే ఎనుకకు వస్తది.

తలకిందులైనప్పుడు ఎందుకు పడిపోం? చెంబుల నీళ్లు పోసి గిర్రున తిప్పుతే నీళ్లు ఎందుకు ఒలకవో, ఇదీ అందుకే. దానికి తోడు భుజాల మీద ఇనుప పట్టీ బిగుస్తది. బండి చక్రాలు పట్టా మీదనే కాదు, పక్కకెళ్లి, కిందికెళ్లి గూడ పట్టాను పట్టుకుని ఉంటయ్. అందుకే అది లేవలేదు, జారలేదు.

చక్కర్ ఆకారం గూడ చూడున్రి. గుండ్రంగ ఉండదు, నీటిబొట్టు తీరుగ ఉంటది. 1895ల అమెరికాల కోనీ ఐలాండ్‌ల కట్టిన కోస్టర్‌కు చక్కర్ గుండ్రంగనే పెట్టిన్రు. ఎక్కినోళ్లకు మెడలు పట్టేసినయ్. అక్కడ్నుంచి నేర్చుకుని ఆకారం మార్చిన్రు. అలల కొలనుల గూడ మాయేం లేదు. గోడ ఎనుకున్న గదులల్లకు ఫ్యాన్లతోని గాలి కొడ్తరు, గాలి నీళ్లను నూకుతది, అల లేస్తది.

మనం ఫిజిక్స్‌ల పాస్ మార్కుల కొరకు బట్టీ పట్టిన పాఠాలే ఇవన్ని. ఒక్కసారి ఎక్కినోనికి స్థితిశక్తి గతిశక్తిగా ఎట్ల మారుతదో మల్ల జన్మల మర్షిపోడు.

ఈ పార్కులు ఎవ్వల కొరకు పుట్టినయ్

ఊరంత కూడి ఆడుకునే జాగ అన్నది కొత్త ముచ్చట కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ల టివొలి గార్డెన్స్ 1843ల తెరిచిన్రు, ఇయ్యాల్టికీ నడుస్తున్నది. మన జాయింట్ వీల్‌కు తాత లాంటిది 1893ల చికాగో ఎగ్జిబిషన్‌ల జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీర్ కట్టిండు. దాని ఎత్తు 80 మీటర్లు. 36 డబ్బాలు, ఒక్కో డబ్బల 60 మంది పట్టేటోళ్లు. ఒక్క తిప్పుకు రెండు వేల మంది!

తర్వాత వాల్ట్ డిస్నీ. తన బిడ్డలు రంగులరాట్నం ఎక్కుతుంటే ఆయన బెంచీ మీద కూసుని పల్లీలు బుక్కుకుంట చూసేటోడట. పిల్లలు, పెద్దలు కలిసి ఆడే జాగ ఉండాలె గదా అని అప్పుడే అనిపించిందని ఆయనే చెప్పుకున్నడు. 1955 జులై 17న కాలిఫోర్నియాల డిస్నీలాండ్ తెరిచిండు. కుటుంబమంత కలిసి పోయే పార్కు అన్న ఆలోచన ఈనాడు లోకమంతట నడుస్తున్నదంటే ఆ బెంచీ గూడ ఒక కారణం.

మన దేశంల మొదటి పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కు ఢిల్లీల అప్పు ఘర్. 1982 ఏషియన్ గేమ్స్‌ల గున్న ఏనుగు బొమ్మ 'అప్పు' పేరే దానికి పెట్టిన్రు. 1984 నవంబర్‌ల ప్రగతి మైదాన్‌ల తెరిచిన్రు. పట్నం నడిబొడ్డున, బస్సు దిగి నడుసుకుంట పోయేటంత దగ్గర. గుమాస్తా కొడుకు, రిక్షా తొక్కేటాయన బిడ్డ గూడ పోయి ఎక్కిన్రు. 2008ల మూతబడ్డది. ఆ భూమి సుప్రీంకోర్టు విస్తరణకు, మెట్రోకు పోయింది. ఇయ్యాల పెద్ద పార్కులన్ని నగరానికి అవతల, కారు ఉన్నోళ్లకు అందే జాగల్ల వస్తున్నయ్. ఎవ్వలో పగబట్టి చేసింది కాదిది. భూమి ధర అట్లున్నది. నగరం నడుమ 50 ఎకరాలు ఎవ్వలు కొంటరు? కానీ ఫలితం మాత్రం ఒక్కటే. సామాన్యుడు నడిసిపోయే జాగ నుంచి ఆట దూరం జరిగింది.

మన హైదరాబాద్‌ల దీనికి ఒక జవాబు ఎప్పటిసంది ఉన్నది. నుమాయిష్. 1938ల ఉస్మానియా గ్రాడ్యుయేట్లు పబ్లిక్ గార్డెన్స్‌ల మొదలువెట్టిన్రు. 1946ల నాంపల్లికి మారింది. ఏటా జనవరి ఒకటిన మొదలైతది. టికెట్ పదుల రూపాయలల్లనే. వచ్చిన పైసలతోని ఎగ్జిబిషన్ సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ లాంటి కాలేజీలు నడుపుతది. మన ఊర్లకెళ్లి పోయి ఆ కాలేజీలల్ల సదువుకున్న ఆడపిల్లలు ఎంతమందో. జాయింట్ వీల్ ఎక్కిన పైస ఒక ఆడపిల్ల సదువైతది. సంబురం ఇట్ల గూడ నడుపొచ్చని చూపెట్టిన నగరం మనది.

పైసల లెక్క

ఇగ టికెట్ కాడికి వద్దాం. పెద్ద పార్కులల్ల పెద్దోళ్ల టికెట్ వెయ్యి దాటి శానా రోజులైంది. 2025–26ల మన రాష్ట్రంల ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మనిషికి వెయ్యే అనుకున్నా నలుగురికి 4 వేలు. అంటే ఒక మనిషి పదమూడు రోజులు తట్ట మోసిన కూలి. బువ్వ, బస్సు, నీళ్లల్లకు కొత్త బట్టలు దీంట్ల లేవు.

సర్కార్ వాటా గూడ దీంట్ల ఉన్నది. 2017ల జీఎస్టీ వచ్చినప్పుడు ఈ పార్కుల టికెట్ మీద 28 శాతం పన్ను ఏసిన్రు. పిలగాండ్లు ఊయల ఊగుడు, పెద్దోళ్లు లగ్జరీ కారు కొనుడు ఒకటే లెక్కల కట్టిన్రు. గోల అయినంక 2018 జనవరిల 18 శాతానికి దించిన్రు. అయినా వెయ్యి రూపాయల మీద 180.

పార్కోళ్ల దిక్కు గూడ జర సూద్దాం, న్యాయం చెప్పాలె గదా. వందల కోట్లు పెడ్తరు. రోజూ మిషన్లు చెక్ చెయ్యాలె, నీళ్లు వడగట్టాలె, వందల మందికి జీతాలియ్యాలె. వానకాలం, పరీక్షల కాలం జనం ఉండరు. 2020 మార్చిల కరోన వచ్చినప్పుడు నెలల తరబడి తాళాలే. టికెట్ ధర ఊకెనే పెరగలేదు. కాలేజీ ఐడీ కార్డు ఉంటే, వారం నడుమ పోతే తగ్గింపులు గూడ ఇస్తుంటరు. పోయేటోళ్లు ముందే ఆన్‌లైన్‌ల చూసుకుంటే నయం.

కానీ పైసల ఖర్చు ఒక్కటే ఊరోళ్లను ఆపదు. పోయినేడు మా ఇంటోళ్లం ఒక వాటర్ పార్కుకు పోయినం. మా అవ్వ సద్ది కట్టుకొచ్చింది. గేటు కాడ సంచి ఆపిన్రు. బయటి తిండి లోపటికి రాదన్నరు. చెట్టు కింద నిలవడి పులిహోర తిన్నం. లోపటికి పోయినంక చీరతోని నీళ్లల్లకు దిగొద్దన్నరు. నైలాన్ బట్టలే ఉండాలె, కాటన్ పోగులు నీళ్లు వడగట్టే మిషన్ల పడ్తయన్నరు. మాట నిజమే, రూల్ సరైందే. కానీ అరువై ఏండ్ల అవ్వ కిరాయికి తెచ్చిన లాగు అంగీ ఏసుకుంటదా? పొద్దంత గట్టు మీద కూసుని మా చెప్పులకు కావలి కాసింది. వచ్చేటప్పుడు "మంచిగున్నది బిడ్డా, సల్లగుండె" అన్నది. టికెట్ మాత్రం ఆమెకు గూడ కొన్నం.

ఫ్యామిలీ పార్కు అంటే ఏ ఫ్యామిలీ? డిజైన్ చేసేటోళ్ల కండ్ల ముందట ఏ అవ్వ ఉన్నది? చీర మీదనే దిగేటట్టు విడిగ నీళ్లు పారే ఒక చిన్న కాలువ, సద్ది తినే ఒక చెట్ల నీడ. ఇవి పెద్ద ఖర్చులు కావు. అడిగేటోళ్లు లేక పెడ్తలేరు.

ఇంకో మార్పు గూడ వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. ఇంతకుముందు గుడికో దవాఖానకో తప్ప ఊరు దాటని ఆడోళ్లు ఇప్పుడు పిల్లలను తీస్కుని నగరం చూడ వస్తున్నరు. తొవ్వ ఖర్చు తగ్గింది. తొవ్వ చివరకు వాళ్లు పోగలిగే జాగ పెంచాలె గదా.

పానం లెక్క

అసలు ముచ్చట ఇది. పెద్ద పార్కుల గట్టి ఆటల కాడ తొవ్వల ఒక కొలతకర్ర ఉంటది. 140 సెంటీమీటర్లు లేని పిలగాన్ని ఎక్కనియ్యరు. ఏడ్సినా, తండ్రి గొడవ పెట్టుకున్నా ఎక్కనియ్యరు. ఎందుకంటే భుజాల పట్టీ ఆ ఎత్తు మనిషికి కొలిచి చేసింది. చిన్నోడు దాంట్లకెళ్లి జారుతడు. గుండె జబ్బున్నోళ్లు, కడుపుతోనున్నోళ్లు ఎక్కొద్దని బోర్డుంటది. పొద్దుగాల జనం రాకముందే ఉత్త బండిని తిప్పి చూస్తరు.

మన జాతరల ఎట్లుంటది? ఏడుపాయల కానీ, కొమురవెల్లి కానీ, మీ ఊరి మల్లన్న జాతర కానీ. లారీల మీద ఇనుప ముక్కలు దిగుతయ్. రెండ్రోజులల్ల బోల్టులు బిగించి జాయింట్ వీల్ నిలవెడ్తరు. కింద మెత్తటి చెల్క, దాని మీద కట్టె మొద్దులు. డీజిల్ జనరేటర్. తొట్టెల ముందటి గొలుసు ఒక్కోసారి ఉంటది, ఒక్కోసారి తాడుంటది. సంకల పసిపిల్లతోని తల్లి ఎక్కుతది, తిప్పేటోడు ఎక్కిచ్చుకుంటడు. పంచాయతీ వేలం పాడుతది, పోలీసోళ్లు పర్మిషన్ ఇస్తరు, కరెంటోళ్లు వైరిస్తరు. శానా జాతరలల్ల ఆ బోల్టు గట్టిగున్నదా అని చూసేటోడే ఉండడు.

ఇది ఊరికే భయపెట్టుడు కాదు. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియా చెరువు కాడ ఊగే రైడ్ ఇరిగి కింద పడ్డది. ఇద్దరు సచ్చిపోయిన్రు, శానా మందికి కాళ్లు చేతులు ఇరిగినయ్. 2024 మే 25న రాజ్‌కోట్‌ల గేమ్ జోన్ కాలిపోయింది. సెలవుల్ల ఆడుకోను పోయిన పిలగాండ్లతోసహా 27 మంది పోయిన్రు. ఫైర్ పర్మిషన్ లేకుంటనే అది నడిచిందని తర్వాత తేలింది. మన నుమాయిష్‌ల 2019 జనవరి 30న మంటలంటుకుని దుకాండ్లు బూడిదైనయ్, అదృష్టం కొద్ది పానాలు దక్కినయ్. 2025 జనవరిల అదే నుమాయిష్‌ల ఒక రైడ్ నడుమల ఆగిపోయి జనం జరసేపు తలకిందులుగ ఏలాడిన్రు.

రూల్స్ లేవా అంటే, కాయితం మీద ఉన్నయ్. రైడ్ల భద్రత కొరకు బీఐఎస్ తయారు చేసిన ఐఎస్ 15475 అనే ప్రమాణం ఉన్నది. డిజైన్ ఎట్లుండాలె, బిగించేటప్పుడు ఏం చూడాలె, నడిపేటోనికి ఏం నేర్పాలె అన్ని రాసున్నయ్. కానీ దేశమంతటికీ ఒక్కటే రైడ్ల చట్టం లేదు. రాష్ట్రానికో తీరు, జిల్లాకో తీరు. ప్రమాదమైనప్పుడు తనిఖీలు, నెల తిరిగితే మరుపు.

అట్లని రూల్ గట్టిగ ఏస్తే అన్ని సక్కగైతయా? రాజ్‌కోట్ ఘటన తర్వాత గుజరాత్ కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది. ఆ ఏడు జన్మాష్టమి మేళాల జాయింట్ వీళ్లకు పునాది వెయ్యాలె అన్నరు. ఐదారు రోజుల మేళకు కాంక్రీటు పునాదులేడ ఏస్తమని రైడ్లోళ్లు గొడవకు దిగిన్రు. ఇద్దరి మాటల నిజమున్నది. జాతర జాతర తిరిగి బతికే ఆ కుటుంబాలు మన లెక్కనే కూలి నాలోళ్లు. పెద్ద పార్కుకు రాసిన రూల్ ఉన్నదున్నట్టు తెచ్చి వాళ్ల నెత్తిన పెడ్తే వాళ్లు పోతరు, జాతర బోసిపోతది. అప్పుడు మా అక్క కొడుకుకు పార్కూ లేదు, జాతరా లేదు.

కాబట్టి రూల్ జాతరకు తగ్గట్టుండాలె, గట్టిగ అమలు కావాలె.

ఏం చెయ్యొచ్చు

మొదటిది, రైడ్ బండికి ఫిట్‌నెస్. మన ట్రాక్టర్ ట్రాలీకి, స్కూల్ బస్సుకు ఫిట్‌నెస్ ఉన్నట్టు ప్రతి జాయింట్ వీల్‌కు, బ్రేక్ డాన్స్‌కు ఏడాదికోపారి పరీక్ష పెట్టి నంబర్ ప్లేట్ ఇయ్యాలె. అది లేనిది ఏ జాతరల నిలవడొద్దు. ఖర్చు సర్కారే పెట్టుకోవాలె. వేలంల వచ్చిన పైసలకెళ్లి కొంత దీనికి తీసి పెట్టొచ్చు.

రెండోది, బిగించినంక చూసుడు. జాతర జరిగే మండలంల సర్కార్ ఇంజనీర్ ఒకరొచ్చి భూమి, బోల్టులు, గొలుసులు, వైర్లు చూసి సంతకం పెట్టాలె. ఆ సంతకం కాయితం టికెట్ కౌంటర్ మీద అతికియ్యాలె. ఎవ్వలు సంతకం పెట్టిన్రో తెలిస్తే జవాబు అడుగొచ్చు.

మూడోది, కొలతకర్ర. దీనికి కోట్లు అక్కరలేదు. ఒక బొంగు, దాని మీద రెండు గీతలు. ఇంత ఎత్తు లేనోళ్లు ఈ ఆట ఎక్కొద్దు. వండర్‌లాల ఉన్న దాంట్ల అన్నిటికంటే అగ్గువది అదే, పానాలు కాపాడేదీ అదే.

నాలుగోది, జిల్లాకొక ఆటల జాగ. సర్కార్ భూమిల, బస్టాండుకు దగ్గర, చిన్న టికెట్‌తోని. రోలర్ కోస్టర్ ఉండాల్సిన పని లేదు. మంచి ఊయలలు, పిలగాండ్లు దుంకే నీళ్లు, అవ్వలు కూసునే నీడ. నుమాయిష్ తీరుగ వచ్చిన లాభం సదువుకు పెట్టేటట్టు ఒక సొసైటీ నడపాలె. పెద్ద పార్కులకు పన్నుల్ల, భూములల్ల సాయం చేసినప్పుడు సర్కార్ ఒక షరతు పెట్టొచ్చు: సర్కార్ బడి పిల్లలకు ఏడాదిల కొన్ని రోజులు ఉచితం.

మన పని మనం

ఇది చదివే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు రెండు మాటలు. ఒకటి, ఈ పార్కులను టికెట్ కొని పోయే జాగలెక్క మాత్రమే చూడకున్రి. ఐటీఐ ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ చేసినోళ్లకు ఈడ పనున్నది. వండర్‌లా కంపెనీ తన రైడ్లల్ల కొన్నింటిని కొచ్చిల తన వర్క్‌షాపులనే తయారు చేసుకుంటది. ఇద్దరు పనోళ్లతోని మొదలైన కంపెనీ ఆ దాంక పోయింది. జాతర రైడ్లకు పరీక్ష పెట్టే రోజు వస్తే, ఆ పరీక్ష చేసేటోళ్లు గూడ జిల్లాకు కొంతమంది కావాలె. అది మీ నౌకరీ ఎందుకు కావొద్దు?

రెండోది, ఈ ఏడు జాతరకు పోయినప్పుడు ఎక్కేముందు మూడు అడుగున్రి. గొలుసు ఉన్నదా? కింద మొద్దులు కదులుతున్నయా? తిప్పేటోడు తాగిండా? ఒక్కటి తేడా ఉన్నా ఎక్కకున్రి, పక్కనున్న చిన్నోళ్లను ఎక్కనియ్యకున్రి. రీల్ తీసే ఫోన్‌తోనే ఇరిగిన బోల్టును గూడ ఫోటో తీసి సర్పంచ్‌కు, ఎస్సైకి పంపున్రి. ఒక్క ఊరు అడిగితే ఇంకో ఊరు అడుగుతది.

మా అక్క కొడుకు మొన్న జాతరల జాయింట్ వీల్ ఎక్కిండు. పైకి పోయినప్పుడు వాడు చేతులు రెండు లేపి కేకేసిండు, నాకు కింద నిలవడి నవ్వాల్నో భయపడాల్నో తెల్వలే. తొట్టె ముందట గొలుసు లేదు, నైలాన్ తాడు కట్టిన్రు. దిగినంక ఆ తిప్పేటాయనను అడిగిన, "అన్నా, గొలుసేది?" అని. "తెగింది తమ్మీ, రేపు ఏపిస్త" అన్నడు. ఆయన అబద్ధం చెప్పలే కావొచ్చు. కానీ ఆ రోజు రాత్రి దాంక ఆ తాడు మీద ఇంకెంతమంది పిలగాండ్లు ఎక్కిన్రో లెక్క పెట్టినోళ్లు ఎవ్వలు లేరు. ఆ లెక్క పెట్టే మనిషి ప్రతి జాతరల ఒక్కడన్న ఉండాలె. అడుగుతున్నది గంతే.